కొండ మీద పుస్తకం జోలికి పోకండి

మొన్న శనివారం మా ఇంట్లో పెద్ద గొడవైంది. గొడవ డబ్బు గురించి కాదు, రాజకీయాల గురించి అంతకన్నా కాదు. ఒక నోటు పుస్తకం గురించి. పప్పుచారు చల్లారిపోయింది, గుత్తివంకాయ ఎవరూ ముట్టుకోలేదు, నలుగురం ఇంజనీర్లం కూర్చుని కొండ చివర ఓ డబ్బాలో ఉండే పుస్తకాన్ని అక్కడే ఉంచాలా తీసేయాలా అని రాత్రి పన్నెండు దాకా అరుచుకున్నాం. ఉంచాలన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మూడు–ఒకటి తేడాతో ఓడిపోయాను. నోటితో వాదించడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. వైవాలో కూడా అంతే, తెలిసిన జవాబు బయటికొచ్చేసరికి మేష్టారు తర్వాతివాణ్ణి పిలిచేసేవారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇక్కడ మధ్యలో ఎవడూ అడ్డం రాడు.

సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం చెప్పాలి. నేనుండేది కాలిఫోర్నియాలో. ఇక్కడికి ఆరేడు గంటల కారు ప్రయాణంలో సియెర్రా నెవాడా కొండలున్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎత్తయింది మౌంట్ విట్నీ, 14,505 అడుగులు. దాని చుట్టుపక్కల, ఇంకా ఉత్తరంగా, పేరున్నవీ పేరు లేనివీ వందల శిఖరాలు. వీటిలో చాలావాటి మీద ఒక డబ్బా ఉంటుంది. కొన్నిచోట్ల సియెర్రా క్లబ్బు వాళ్ళు పెట్టిన అల్యూమినియం పెట్టె, కొన్నిచోట్ల మిలటరీ తూటాల డబ్బా, ఏమీ లేకపోతే వేరుశెనగ ముద్ద అమ్మే సీసా. అందులో ఓ పుస్తకం, ఓ పెన్సిలు ముక్క. ఎక్కినవాళ్ళు పేరు, తేదీ రాసి, బుద్ధి పుడితే ఓ వాక్యం రాసి, మూతపెట్టి, పైన రాయి పెట్టి దిగిపోతారు. ఇంతే. దీన్నే రిజిస్టరు అంటారు. ఆల్ప్స్‌లో, ఆండీస్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. జర్మన్ మాట్లాడేవాళ్ళు గిప్ఫెల్‌బుఖ్ అంటారు, పలకడానికి కాస్త కష్టపడాలి :)

"సాఫ్టువేరోడివి, నీకు కొండలెందుకురా" అని మా బాబాయి ఫోను చేసినప్పుడల్లా అంటాడు. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు కూడా కొన్నాళ్ళు సాఫ్టువేరే చేశాడు బాబాయ్ అంటాను. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015లో ఆండీస్‌లో చనిపోయాడు కదా అంటాడు బాబాయి. అక్కడితో నా దగ్గర సమాధానం ఉండదు.

సరే, గొడవకొద్దాం.

మొదటివాడిది విజయవాడ. వాడి వాదన సింపులు: అది చెత్త. "గోల్కొండ గోడ మీద రాజు ప్లస్ లత అని మేకుతో చెక్కినోణ్ణి తిడతాం కదా మామా, కొండ మీద పుస్తకంలో రాసినోడు ఏం గొప్ప? రెండూ ఒకటే జబ్బు. నేనొచ్చానహో అని చెప్పుకోవడం." ప్రకృతిలోకి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళామో అది వెనక్కి తెచ్చుకోవాలి, ఏమీ వదలకూడదు, అది వీడి మతం.

మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. 1964 నాటి వైల్డర్నెస్ చట్టం స్ఫూర్తి కూడా అదే, మనిషి జాడ కనపడకూడదని. నేషనల్ పార్కుల్లో అయితే ఏ వస్తువునైనా 24 గంటలకు మించి దిక్కులేకుండా వదిలేయకూడదని నియమం ఉంది. న్యూయార్కు రాష్ట్రంలో ఆడిరాండాక్ కొండల మీద, సరైన దారి లేని శిఖరాల మీద దశాబ్దాలుగా ఉన్న డబ్బాల్ని 2001లో ఇలాంటి కారణంతోనే తీయించేశారు. అంటే వీడి పక్కన ప్రభుత్వం కూడా ఉంది.

కానీ ఇదే ప్రభుత్వం 1979లో ఇంకో చట్టం చేసింది. ప్రభుత్వ భూముల్లో నూరేళ్ళు దాటిన పురాతన వస్తువుల్ని ముట్టుకుంటే నేరం. విట్నీ మీద 1909లో స్మిత్సోనియన్ వాళ్ళు రాళ్ళతో కట్టిన గది ఒకటుంది, వైల్డర్నెస్ నడినెత్తిన. దాన్ని ఎవరూ చెత్త అనరు, జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో పెట్టుకున్నారు. అంటే మామా, నీ లెక్క ప్రకారం తొంభై తొమ్మిదేళ్ళ పాటు ఒక వస్తువు చెత్త, నూరో పుట్టినరోజు దాటాక వారసత్వ సంపద. మరి ఆ తొంభై తొమ్మిదేళ్ళూ దాన్ని నీలాంటివాడి చేతిలోంచి కాపాడేదెవరు?

గోల్కొండ పోలిక కూడా తప్పు. గోడ మీద చెక్కేవాడు ఇంకొకడి వస్తువు పాడు చేస్తున్నాడు. రాయడానికని ఒక పుస్తకం పెట్టాక జనం అందులో రాయడం, ఆ గోడని కాపాడ్డమే. ఆ పుస్తకమే లేకపోతే ఏమవుతుందో మనవాళ్ళకి నేను చెప్పాలా? ఏ గుడి వెనకాలకైనా వెళ్ళి చూడండి. బొగ్గు, సుద్ద, మేకు, ఏది దొరికితే దాంతో. మనిషికి ఎత్తైన చోటికి వెళ్తే పేరు రాయాలనిపిస్తుంది, అది పోయే జబ్బు కాదు. పావు కిలో బరువుండే డబ్బాలో ఆ జబ్బుని మూతపెట్టి ఉంచగలిగితే నాకైతే చవకబేరం అనిపిస్తుంది.

ఒక్క విషయం మాత్రం వాడికి ఒప్పుకున్నాను. విట్నీ లాంటి జనం కొండల మీద పుస్తకం ఉన్నా లేకపోయినా నాకొకటే. వేసవిలో రోజుకి వంద మంది డే పర్మిట్ల మీదే వస్తారు, రాత్రి బస చేసేవాళ్ళు వేరే. అక్కడ సంతకం పెట్టడం రేషను షాపు దగ్గర వరసలో నిలబడ్డట్టు ఉంటుంది. నేను మాట్లాడేది ఏడాదికి అయిదుగురో పదిమందో ఎక్కే కొండల గురించి.

రెండోవాడు యాప్ పార్టీ. "ఫోన్లో జీపీయస్ ట్రాక్ ఉంటుంది, ఫొటో ఉంటుంది, వెబ్‌సైట్లో ఎక్కిస్తే ప్రపంచమంతా చూస్తుంది. కాగితం ఎందుకు?" వీడికి ఎక్కువ సమాధానం అక్కర్లేదు. మనం పనిచేసే కంపెనీల్లోనే ఎన్ని ప్రాడక్టులు మూసేశామో నీకూ తెలుసు నాకూ తెలుసు. నువ్వు కాలేజీలో ఉండగా ఆర్కుట్‌లో రాసిన స్క్రాపులు ఇప్పుడు చూపించు. 1930ల్లో పెన్సిలుతో రాసింది ఇవాళ్టికీ చదవొచ్చు.

ఇంకో సంగతి. పైకెక్కినవాడు కిందకొచ్చి చెప్పే మాటకీ, పైనే ఉండిపోయే కాగితానికీ తేడా ఉంది. క్లారెన్స్ కింగ్ అని పెద్ద భూగర్భ శాస్త్రజ్ఞుడు, 1871లో విట్నీ ఎక్కాననుకుని, 1872లో ఆ సంగతి పుస్తకంలో అచ్చేయించుకున్నాడు కూడా. ఆయనెక్కింది పక్కనున్న వేరే కొండ, ఇప్పుడు మౌంట్ లాంగ్లీ అంటారు. 1873లో గుడ్‌ఇయర్ అనే ఆయన కంచరగాడిద మీద కూర్చుని ఆ కొండెక్కి చూస్తే ఉత్తరాన అంతకన్నా ఎత్తయింది కనపడింది! కింగ్ పాపం పరుగున వచ్చి అసలు విట్నీ ఎక్కేసరికి సెప్టెంబరు. అప్పటికే ఆగస్టులో, కింద లోయలోంచి చేపలు పట్టడానికొచ్చిన ముగ్గురు ఎక్కేసి వెళ్ళారు. కింద కూర్చుని రాసినదాన్ని కొండ ఒప్పుకోవాలని రూలేం లేదు. మా యాప్ పార్టీవాడు కూడా రెండుసార్లు పక్క గుట్టెక్కి "సమ్మిట్" అని ఫొటో పెట్టాడు. పేరు చెప్పను, వాడు ఇది చదువుతాడు.

మూడోవాడి మాటే నాకు అసలు కష్టం. ఎందుకంటే వాడు చెప్పేది మంచిమాటలా ఉంటుంది. "తీసుకొచ్చి లైబ్రరీలో పెట్టాలి." బర్క్‌లీ యూనివర్సిటీలో బాన్‌క్రాఫ్ట్ లైబ్రరీ ఉంది. అందులో సియెర్రా క్లబ్బు దించిన పాత రిజిస్టర్లు, 19వ శతాబ్దం నుంచి ఉన్నవి, భద్రంగా ఉన్నాయి. పైన వదిలేస్తే ఎలకలు కొరుకుతాయి, పిడుగులు పడతాయి, మంచు కరిగి డబ్బాలోకి దిగుతుంది. అన్నిటికీ మించి దొంగలు. 2010 తర్వాత కొన్నేళ్ళలో సియెర్రాలో చాలా రిజిస్టర్లు మాయమయ్యాయి, పేపర్లలో కూడా వచ్చింది. కొందరు జ్ఞాపకంగా ఎత్తుకుపోతారు, కొందరు మా విజయవాడవాడిలా చెత్త అనుకుని ఏరేస్తారు.

ఆ పుస్తకాల్లో ఏముంటుందో తెలిస్తే ఎవరికైనా కాపాడాలనే అనిపిస్తుంది. వాల్టర్ స్టార్ జూనియర్ అని శాన్ ఫ్రాన్సిస్కో లాయరు ఒకాయన ఉండేవాడు. బ్లాక్ కవియా అనే కొండెక్కితే పైన రిజిస్టరు ఉంది, రాయడానికి పెన్సిలు లేదు. తన రక్తంతో సంతకం పెట్టి దిగాడు. అదే మనిషి 1933లో మినరెట్స్ అనే సూది కొండల్లోకి ఒక్కడూ వెళ్ళి తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళు చుట్టుపక్కల శిఖరాలెక్కి జాడ కోసం గాలించారు. కొన్నాళ్ళకి అందరూ ఆశ వదులుకుని ఇళ్ళకెళ్ళిపోయారు. నార్మన్ క్లైడ్ అనే ఆయన మాత్రం ఒక్కడే ఉండిపోయి వెతికి ఆగస్టు చివర్లో శవాన్ని కనిపెట్టాడు. ఆ కుర్రాడు రాసుకున్న నోట్సుని తండ్రి పూర్తిచేయించి 1934లో గైడు పుస్తకంగా వేయించాడు. ఇప్పటికీ జాన్ మ్యూర్ దారిలో నడిచేవాళ్ళకి ఆ పుస్తకం పేరు తెలుసు.

అలాంటివాడి రక్తం మరక ఉన్న కాగితాన్ని ఎలకలకి వదిలేస్తావా అని మూడోవాడు అడిగాడు. గదిలో అందరూ నా వైపు చూశారు. నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం ఉంది. ఆ కారణం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను ఒకటి దించాను.

2023 ఆగస్టు మొదటి వారం. ఆ ఏడు మంచు విపరీతం, టయోగా కనుమ దారి జులై మూడో వారం దాటాకే తెరిచారు. నేనూ ఇంకో ఆఫీసు మిత్రుడూ కలిసి తూర్పు వైపునుంచి ఓ కొండెక్కాం. పేరు రాయను, పన్నెండు వేల అడుగుల పైచిలుకు. గైడు పుస్తకంలో రెండు లైన్లు ఉంటాయి దాని గురించి. పైన రాళ్ళ మధ్యలో తుప్పు పట్టిన డబ్బా. లోపల ప్లాస్టిక్ సంచిలో స్కూలు నోటు పుస్తకం, మొదటి పేజీలో 1987. అట్ట తడిసి ఉబ్బింది. ఓ ఇరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి. దొంగతనాల సంగతి అప్పటికే చదివి ఉన్నాను. ఇది ఇక్కడే ఉంటే ఇంకో రెండు చలికాలాల్లో పేస్టయిపోతుంది అనుకున్నా. కిందకి తీసుకెళ్దాం, స్కాను చేద్దాం, లైబ్రరీ వాళ్ళకి మెయిలు కొడదాం. బదులు పెట్టడానికి నా దగ్గర వేరే పుస్తకం లేదు. పర్వాలేదులే, ఎవరో ఒకరు పెడతారు అనుకున్నా. బ్యాగులో వేసుకున్నా. చాలా మంచిపని చేస్తున్నట్టు అనిపించింది. దిగేటప్పుడు మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు. సోమవారం రిలీజు. ఆ పై వారం ఆన్‌కాల్. పుస్తకం సొరుగులోకెళ్ళింది. ఒక ఆదివారం కూర్చుని ఫోనుతో పదకొండు పేజీలు ఫొటోలు తీసి విసుగొచ్చి ఆపేశా. అక్టోబరులో ఇల్లు మారాం. పుస్తకం ఇన్‌కంటాక్సు కాగితాల డబ్బాలోకి చేరింది. లైబ్రరీకి మెయిలు రాయలేదు. డ్రాఫ్టులో మొదటి లైను ఉంది, "ప్రియమైన అయ్యా" దాకా.

నవంబరులో పాత డబ్బాలు సర్దుతుంటే మళ్ళీ కనపడింది. ఈసారి కూర్చుని మొదట్నుంచి చదివాను.

ఏడాదికి అయిదారు సంతకాలు. ఎక్కువ మంది పేరు, ఊరు, అంతే. ఒకరు గాలి గురించి తిట్టారు. ఒక జంట పెళ్ళి మాట పైనే ఖాయం చేసుకున్నారట. 1991 నుంచి మాత్రం ప్రతి ఏడూ ఆగస్టు చివరి వారంలో ఒకే ఇంటిపేరుతో రెండు సంతకాలు. ఒకటి కలిపిరాత, పెద్దాయనది. ఇంకోటి మొదట్లో పిల్లాడి గుండ్రటి అక్షరాలు, పోనుపోను గబగబా రాసే పెద్దవాడి రాత. 2004 నుంచి ఒకటే సంతకం, కొడుకుది. ఆ ఏడు దాని పక్కన చిన్నగా "నాన్నని కూడా తెచ్చాను" అని ఉంది. నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అక్కణ్ణుంచి ప్రతి ఏడూ ఆగస్టు చివర్లో ఆయన ఒక్కడే. 2020లో "పొగ, ఏమీ కనపడలేదు, అయినా వచ్చాను" అని రాశాడు. 2022 దాకా ఒక్క ఏడు తప్పలేదు.

నేను ఆ పుస్తకం దించింది 2023 ఆగస్టు మొదటి వారంలో.

ఇదంతా చదివాక ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. మూడు వారాలు! మూడు వారాల తర్వాత ఆ మనిషి అక్కడికెక్కి డబ్బా తీసి చూసుంటాడు. వాళ్ళ నాన్న రాసిన పదమూడు సంతకాలు ఆ భూమ్మీద ఎక్కడైనా ఉన్నాయంటే అవి నా ఇన్‌కంటాక్సు డబ్బాలో ఉన్నాయి, కిరాణా కూపన్ల పక్కన.

మరుసటి ఏడు మంచు కరిగేదాకా ఆగి, 2024 జులైలో ఒక్కణ్ణే వెళ్ళి పెట్టొచ్చాను. పాత పుస్తకం కొత్త సంచిలో, దానితోపాటు ఖాళీది ఇంకోటి, రెండు పెన్సిళ్ళు. డబ్బా తెరిస్తే అందులో పెట్రోలు బంకు రసీదు ఒకటి మడిచి ఉంది. వెనకాల గబగబా రాసిన అదే రాత. 2023 ఆగస్టు 26. "ముప్ఫై మూడోసారి. పుస్తకం లేదు. ఎవరి దగ్గరుందో వాళ్ళు చదివే ఉంటారు, జాగ్రత్తగా ఉంచండి." తిట్టలేదు. తిడితే నాకు కొంచెం బావుండేది. రసీదుని ఆ ఏడాది పేజీ ఉండాల్సిన చోట పెట్టి, దాని తర్వాతి పేజీలో జరిగింది నాలుగు లైన్లలో రాసి, క్షమించమని రాసి, నా పేరు పెట్టి దిగొచ్చాను.

కాబట్టి మూడోవాడా, లైబ్రరీ మంచిదే. నీకూ లైబ్రరీకీ మధ్యలో ఉండే సొరుగు గురించే నా భయం. "కాపాడదామని" దించినవాటిలో ఎన్ని లైబ్రరీదాకా చేరతాయి, ఎన్ని నాలాంటివాడి అటక మీద ఉండిపోతాయి? దొంగకీ నాకూ తేడా ఉద్దేశంలో ఉంది. డబ్బా తెరిచినవాడికి ఆ తేడా కనపడదు, ఖాళీ డబ్బా ఒకటే కనపడుతుంది.

సరే, నిజంగానే చేరిందనుకుందాం. ఏసీ గదిలో, అట్టపెట్టెలో, నంబరు వేసి పెట్టారు. పరిశోధకుడొచ్చి చూసుకుంటాడు. బాగుంది. కానీ ఆ కొడుకు ప్రతి ఆగస్టులో బర్క్‌లీ వెళ్ళి, గుర్తింపు కార్డు చూపించి, పెన్సిలుతో మాత్రమే రాసుకోండి అనే బల్ల దగ్గర కూర్చుని వాళ్ళ నాన్న సంతకం చూసుకోవాలా? ఆ సంతకం అక్కడ పెట్టింది తర్వాత ఎక్కేవాడు చూడాలని.

ఇది మనవాళ్ళకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మా తాతయ్య పోయిన ఏడాది మా నాన్న గయ వెళ్ళారు పిండప్రదానానికి. అక్కడి పండాలు వంశాల వారీగా బహీలు రాసి పెట్టుకుంటారని మీకు తెలిసే ఉంటుంది. పొడుగ్గా, చుట్ట చుట్టి, గుడ్డలో కట్టి ఉంటాయి. జిల్లా పేరు, ఊరు పేరు చెప్తే పండా వెతికి తీశాడట. మా తాతయ్య వాళ్ళ తాత అక్కడికి వచ్చి పెట్టిన సంతకం, తెలుగులో. మా నాన్న జన్మలో ఎవరి ముందూ ఏడవలేదు. ఆ రోజు ఏడ్చారని మా అమ్మ చెప్పింది. ఆ పేరు మా ఇంట్లో పాత దస్తావేజుల మీద కూడా ఉంది, స్టాంపు కాగితాల మీద, ఎప్పుడూ ఎవరూ ఏడవలేదు.

హరిద్వార్ లాంటి చోట్ల ఉన్న ఈ బహీల్ని అమెరికాలో యూటా రాష్ట్రపు వంశావళి సంఘం వాళ్ళు మైక్రోఫిల్ము తీయించారు. తీయించి, పుస్తకాలు ఎక్కడివక్కడే వదిలేశారు. నకలు ఊరెళ్ళింది, అసలు గుమ్మం దగ్గరే ఉంది. ఫిల్ముంది కదా అని పండా దగ్గర్నుంచి బహీ లాక్కుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సియెర్రాలో కూడా అంతకన్నా కష్టమైన పనేం కాదు. ఈ రోజుల్లో అందరి జేబులో కెమెరా ఉంది. పైనే కూర్చుని పేజీలన్నీ ఫొటో తీస్తే ఇరవై నిముషాలు పడుతుంది. చేతులు కొంకర్లు పోతాయి, అంతే. ఆ ఫొటోల్ని లైబ్రరీకి పంపండి, వాళ్ళకి ఇష్టమైతే పెట్టుకుంటారు.

మరి పుస్తకం నిండిపోతే? అప్పుడు దించాల్సిందే, నేనేం మూర్ఖుణ్ణి కాదు. మన వృత్తిలో ఈ సమస్య ఎప్పుడో తేలిపోయింది. సర్వరు మీద లాగ్ ఫైలు పెరిగిపోతే ఏం చేస్తాం? డిలీట్ చేయం, చేసినవాణ్ణి తర్వాత పోస్టుమార్టం మీటింగులో కూర్చోబెడతాం. డిస్కు నిండేదాకా వదిలేయం కూడా. రొటేట్ చేస్తాం. నిండినదాన్ని ఆర్కైవుకి పంపి, అదే క్షణంలో అదే చోట అదే పేరుతో కొత్తది తెరుస్తాం. రాసేవాడికి ఒక్క సెకను కూడా ఖాళీ కనపడకూడదు. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే, కొత్తది తెరవకుండా పాతది లాగేశాను. అదీ నిండకముందే.

అందుకని నా పట్టు ఇది. సగం ఖాళీగా ఉన్న పుస్తకాన్ని ఎవరూ దించకూడదు, ఎంత పాతదైనా సరే. తడుస్తుంటే డబ్బా మార్చండి, సంచి మార్చండి. నిండినదాన్ని దించేవాడు ముందే కొత్తది మోసుకెళ్ళాలి. అందులో మొదటి పేజీలో పాతది ఎక్కడికెళ్తోందో, ఎవరు తీసుకెళ్తున్నారో, తేదీతో సహా రాయాలి. రాసి సంతకం పెట్టాక ఇక సొరుగులో పడేయడం కష్టం, నాకు తెలుసు. రక్తంతో సంతకం పెట్టిన పుస్తకం లాంటిది దొరికితే అది వేరే సంగతి, అది లైబ్రరీకే వెళ్ళాలి, దానిక్కూడా ఆ కొండ మీద ఓ నకలు పెట్టొచ్చు.

దీనికి మా మూడోవాడు "మరి నువ్వు వెనక్కి పెట్టినదాన్ని వచ్చే ఏడు దొంగ ఎత్తుకుపోతే?" అన్నాడు ఫోనులో, నిన్న ఇదంతా చెప్పినప్పుడు. ఎత్తుకుపోవచ్చు. నా దగ్గర అన్ని పేజీల ఫొటోలూ ఉన్నాయి, ఈసారి పదకొండు కాదు, మొత్తం. పుస్తకం పోయినా నకలు ఉంటుంది. పోతుందేమోనని నేనే ముందు ఎత్తుకొచ్చేస్తే ఇక దొంగకి పనేముంది? ఇంట్లో నగలు దొంగలెత్తుకుపోతారని ఎవరైనా పెళ్ళికి కూడా పెట్టుకోకుండా లాకర్లోనే ఉంచుతారా? మా అత్తయ్య ఉంచుతుంది, అది వేరే విషయం.

విజయవాడవాడికి మాత్రం ఇంకా కోపం పోలేదు. "సెంటిమెంటు చెప్పి గెలవాలని చూస్తున్నావు మామా" అన్నాడు. చూస్తున్నాను, ఒప్పుకున్నాను. నీ "జాడ లేకుండా పోవాలి" అనేది మాత్రం సెంటిమెంటు కాదా? ఆ కొండకి కిందిదాకా తారు రోడ్డు వేశాం, వాహనాల పొగ పోశాం, నెత్తిమీంచి విమానాలు తిప్పుతున్నాం. పైన సీసాలో ఉన్న నోటు పుస్తకం ఏరేసి "ఇప్పుడు అడవి శుభ్రమైంది" అనుకోవడం ఏం లెక్క? 1953లో టెన్జింగ్ ఎవరెస్టు మీద కూతురిచ్చిన పెన్సిలు మంచులో పాతిపెట్టి దిగాడు. వెళ్ళి తవ్వి తీసుకొచ్చేస్తావా?

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కొండకి దారెలా అని అడిగాడు. పేరు రాయనన్నాను గానీ వాడికి చెప్పాను. బిషప్ ఊరు దాటాక ఎడమకా కుడికా, నీళ్ళెక్కడ దొరుకుతాయి, మంచు గొడ్డలి కావాలా అని అన్నీ అడిగాడు. ఈ ఆగస్టులో మొదటి వారం వెళ్దామన్నాడు. చివరి వారం వద్దు, అది ఇంకొకరిది అన్నాను. సరేనన్నాడు.

"వస్తాను గానీ సంతకం మాత్రం పెట్టను" అన్నాడు. పెట్టొద్దులే, మూత గట్టిగా వేసి పైన రాయి పెట్టు చాలు అన్నాను.